అమ్మానాన్నలకి ఓల్డేజ్ హోమ్ చూస్తున్నారా? రాత్రి పది తర్వాత అక్కడ ఎవరుంటారో ముందు అడగండి

అమ్మకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. అప్పటికి ఆమెకి 76 ఏళ్ళు. ఆస్పత్రి నుంచి తెనాలి ఇంటికి పంపకుండా నేరుగా హైదరాబాద్‌లో మా ఇంటికే తెచ్చుకున్నాం. మూడు నెలల్లో ఏజెన్సీ అటెండర్లు నలుగురు మారారు. సంక్రాంతికి ఊరెళ్ళిన అమ్మాయి మళ్ళీ రాలేదు. నాకూ మా వారికీ ఉద్యోగాలు, తమ్ముడేమో డల్లాస్‌లో. ఇంక మా వల్ల కావట్లేదని హోమ్ చూశాం.

మొదట చేర్చిన హోమ్ చూడ్డానికి చాలా బాగుండేది. గేటు దగ్గర తోట, లోపల గ్రానైట్, రిసెప్షన్‌లో ఏసీ, పెద్ద టీవీ హాలు. ఏడో వారంలో ఒక ఆదివారం వెళ్ళి అమ్మని పక్కకి తిప్పితే నడుం కింద, తోక ఎముక దగ్గర రూపాయి బిళ్ళ కంటే పెద్ద పుండు కనిపించింది. దుప్పటికి అంటుకుని ఉంది. "నొప్పిగా ఉంటే బెల్ కొట్టొచ్చు కదమ్మా" అన్నాను. ఎడమ చేత్తో గోడ వైపు చూపించింది. బెల్ స్విచ్ మంచానికి కుడి పక్కన ఉంది, పడిపోయిన చెయ్యి వైపు. మంచినీళ్ళ సీసా కూడా అటే పెట్టారు. ఏడు వారాలపాటు నేనూ చూశాను ఆ గదిని. నాకూ తట్టలేదు.

అమ్మని అక్కడి నుంచి తీసుకొచ్చాక, రెండోసారి తొందరపడకుండా తొమ్మిది చోట్లు తిరిగాం. ఆ తిరుగుడులో తెలుసుకున్నవీ, అమ్మ పుండుకి డ్రెస్సింగ్ చేయడానికి వచ్చిన నర్సు నేర్పినవీ ఇక్కడ రాస్తున్నాను. "కన్నతల్లిని ఆశ్రమంలో పడేశారట" అని నలుగురూ అంటారేమోనన్న భయం మన ఇళ్ళలో ఎంత ఉంటుందో నాకు తెలుసు. ఆ భయంతోనే మేము మొదటిసారి బంధువులకి ఫొటో చూపిస్తే బాగుండే బిల్డింగ్‌ని ఎంచుకున్నాం. అమ్మకి కావలసింది ఏంటో ఆలోచించలేదు.

ముందు మనిషిని చూడండి, తర్వాత హోమ్‌ని

అందరికీ మంచిదయ్యే హోమ్ అంటూ ఉండదు. మంచం దిగి బాత్రూమ్‌కి తనంతట తాను వెళ్ళగలరా, అన్నం తనే తినగలరా, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, మతిమరుపు ఉందా, ఇన్సులిన్ ఉందా. ఈ ఐదింటికీ ఒక కాగితం మీద జవాబులు రాసుకోండి. అమ్మో నాన్నో నిరుడు ఎలా ఉన్నారో గుర్తు చేసుకుని రాయొద్దు, ఈ నెల ఎలా ఉన్నారో అది రాయండి. మా తమ్ముడికి అమ్మ ఇంకా వాకిట్లో ముగ్గు వేస్తున్న మనిషిగానే గుర్తుండిపోయింది. ఫోన్లో వాడు అడిగేవన్నీ ఆ మనిషికి సరిపోయే హోమ్‌ల గురించే.

తిరగగలిగి, తోడు లేక ఇబ్బంది పడుతున్నవాళ్ళకి మామూలు పెయిడ్ హోమ్ చాలు. టైముకి భోజనం, పలకరించే నలుగురు, అవసరమైతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళే మనిషి ఉంటే హాయిగా ఉంటారు. ఇలాంటివాళ్ళని నర్సింగ్ కేర్ ఉన్న చోట చేర్చకండి. చుట్టూ మంచాన పడ్డవాళ్ళే ఉంటే మాట్లాడేవాళ్ళు లేక నెలరోజుల్లో నీరసపడిపోతారు. మేము చూసిన ఒక చోట, రోజూ పేపరు మొత్తం చదివే రిటైర్డ్ మాస్టారు ఒకాయన మాతో గంటన్నర మాట్లాడారు. అంతసేపు మాట్లాడే మనిషి దొరికి ఎన్నాళ్ళయిందో అనిపించింది.

మంచాన ఉన్నవాళ్ళకి, ముక్కులోంచి ఆహారం పంపే రైల్స్ ట్యూబ్ ఉన్నవాళ్ళకి, యూరిన్ పైపు ఉన్నవాళ్ళకి నర్సింగ్ కేర్ ఉండాల్సిందే. ఇక్కడే చాలామంది మోసపోతారు, మాలాగే. "మేము బెడ్‌రిడన్ పేషెంట్లని కూడా తీసుకుంటాం" అని అందరూ అంటారు. చేర్చుకోవడానికి ఒక మంచం ఉంటే సరిపోతుంది, చూసుకోవడానికి మనుషులు కావాలి. వాళ్ళు "సిస్టర్" అని పిలుస్తున్న అమ్మాయి జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసిందా, ఏఎన్‌ఎం (అంతకంటే చిన్న నర్సింగ్ కోర్సు) చేసిందా, ఏదీ చేయకుండా అక్కడే పని నేర్చుకుందా అని సూటిగా అడగండి. పని నేర్చుకున్నవాళ్ళలో బంగారంలాంటివాళ్ళు ఉంటారు, కాదనను. కానీ ఇన్సులిన్ డోసు, ట్యూబు ఫీడు, పుండు డ్రెస్సింగ్ చదువుకున్న నర్సు చేతిలో ఉండాలి.

ఇంట్లోనే అటెండర్‌ని పెట్టుకోవడం అన్నిటికంటే మంచిదని నేనూ అనుకునేదాన్ని. ఇంట్లో ఇంకో పెద్దమనిషి ఎప్పుడూ ఉండి, అటెండర్ రాని రోజు ఆ పని అందుకోగలిగితే అది నిజమే. ఎవరూ లేకపోతే మాత్రం తాళం వేసిన ఇంట్లో మన అమ్మా, ఒక కొత్త మనిషీ మాత్రమే మిగులుతారు. ఆ మనిషి మంచిదైనా ఇరవై నాలుగు గంటలూ ఒక్కతే చేయలేదు. పగలూ రాత్రీ ఒకే అటెండర్‌తో నడిపేయాలని చూసేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. మాకు నలుగురు మారడానికి సగం కారణం నిద్ర లేకపోవడమేనని తర్వాత అర్థమైంది.

రిటైర్మెంట్ కమ్యూనిటీల్లో విల్లాలు, ఫ్లాట్లు కొనేది ఇంకా ఆరోగ్యంగా ఉన్న దంపతులు. వీటి గురించి కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో మోడల్ గైడ్‌లైన్స్ ఇచ్చింది. ప్రాజెక్టు రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) రిజిస్టర్ అయిందో లేదో చూసుకోండి. ఒక్క ప్రశ్న మాత్రం అక్కడ మర్చిపోకుండా అడగాలి: ఇద్దరిలో ఒకరు మంచాన పడితే అదే ఆవరణలో చూసుకుంటారా, లేక వేరే చోటికి తీసుకెళ్ళమంటారా?

డబ్బు లేనివాళ్ళ సంగతి. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వాలు జిల్లాకి కనీసం ఒకటి చొప్పున, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులు ఉండగలిగేలా ఆశ్రమాలు పెట్టొచ్చు. అవి అన్ని చోట్లా లేవు. ఉచిత ఆశ్రమాలు ఎక్కువగా ట్రస్టులు, సేవా మిషన్లు నడుపుతున్నవే. వాటిలో కొన్నిటిలో నేను చూసిన ఆప్యాయత నెలకి వేలకి వేలు తీసుకునే చోట కూడా కనిపించలేదు. కానీ చాలావాటిలో తమ పని తాము చేసుకోగలిగితేనే చేర్చుకుంటారు. చేరాక మంచాన పడితే ఏం చేస్తారో ముందే అడిగి తెలుసుకోండి. మీ దగ్గర్లో ఏమున్నాయో తెలియకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567కి ఫోన్ చేయండి. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

రాత్రి లెక్క

ఏ హోమ్‌కి వెళ్ళినా నేను అడిగే మొదటి ప్రశ్న: "రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా డ్యూటీలో ఎంతమంది ఉంటారు, వాళ్ళు ఎన్ని మంచాలు చూస్తారు?" పగలు ఓనరు ఉంటారు, మేనేజరు ఉంటారు, ఫిజియోథెరపిస్టు వచ్చి వెళ్తారు, బంధువులు వస్తారు. పుండ్లు పడేది, జారిపడేది, తడిసిన డైపర్‌తో గంటలు గంటలు పడుకోవాల్సి వచ్చేది రాత్రిళ్ళే.

లెక్క వేసి చూడండి. తనంతట తాను కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చాలి. ఇరవై మంది ఉన్న హోమ్‌లో ఎనిమిది మంది అలాంటివాళ్ళు అనుకుందాం. పక్క తిప్పి, దిండు సర్ది, డైపర్ చూసి, అవసరమైతే మార్చడానికి ఇద్దరు కలిసి చేస్తే మనిషికి పది నిమిషాలు. ఎనిమిది మందికి 80 నిమిషాలు. ప్రతి రెండు గంటల్లో, అంటే 120 నిమిషాల్లో 80 దానికే పోయాయి. మిగిలిన నలభై నిమిషాల్లో మిగతా పన్నెండు మందిని బాత్రూమ్‌కి తీసుకెళ్ళాలి, నీళ్ళివ్వాలి, బెల్ మోగితే వెళ్ళాలి. ఇదంతా ఇద్దరుంటేనే. మేము మొదట చేర్చిన చోట ఇరవై ఆరు మందికి రాత్రి ఒక్క ఆయమ్మే ఉండేదని పుండు పడ్డాక తెలిసింది. ఆమెని నేను తప్పుపట్టలేను. పగలు కూడా ఆమె డ్యూటీలోనే ఉండేది.

"ఎయిర్ బెడ్ వేశాం కదా" అంటారు. ఎయిర్ బెడ్ మంచిదే, పక్క మార్చే పనిని మాత్రం అది తప్పించదు. నర్సు నాకు నేర్పిన పరీక్ష ఒకటి చెప్తాను. మడమలు, తుంటి ఎముకలు, నడుం కింది భాగం రోజూ చూడాలి. ఎర్రగా కనిపించిన చోట వేలితో నొక్కి వదలండి. నొక్కినప్పుడు తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే ఫరవాలేదు, ఒత్తిడి తగ్గించి కనిపెట్టుకుని ఉండాలి. నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. చర్మం నల్లగా ఉన్నవాళ్ళలో ఎరుపు సరిగా కనపడదు. అలాంటప్పుడు ఆ చోటు పక్క చర్మం కంటే వేడిగా ఉందా, గట్టిగా ఉందా అని చేత్తో తడిమి చూడాలి.

రెండోసారి మేము ఎంచుకున్న హోమ్ కాలనీలో ఒక పాత ఇల్లు. గోడలకి రంగు వేసి చాలా ఏళ్ళయినట్టుంది. పద్నాలుగు మంది ఉంటారు. రాత్రి ఇద్దరు ఆయమ్మలు, ఒక ఏఎన్‌ఎం సిస్టర్. మంచం తలవైపు మేకుకి ఒక చిన్న నోట్‌బుక్ వేలాడుతూ ఉంటుంది. పది గంటలకి ఎడమ పక్క, పన్నెండుకి వెల్లకిలా, రెండుకి ఎడమ పక్క అని పెన్సిల్‌తో రాసి సంతకం పెడతారు. ఒకచోట నాలుగు గంటల గడి ఖాళీగా ఉంది. ఏమైందని అడిగితే "ఆ రాత్రి పక్క గదిలో తాతగారికి ఆయాసం వచ్చింది, అక్కడే ఉండిపోయాం, ఐదింటికి తిప్పాం" అని ఆ ఆయమ్మే చెప్పింది. ఖాళీగా ఉన్న ఆ గడిని చూసి నాకు నమ్మకం కలిగింది. వేరేచోట నెల మొత్తం ఒకే పెన్నుతో, ఒకే దస్తూరిలో, ఒక్క కొట్టివేత లేకుండా నింపిన చార్టు చూపించారు.

అమ్మని చేర్చిన సాయంత్రం ఆ ఆయమ్మ అమ్మ రెండు చేతులూ పట్టుకుని నొక్కమంది. తర్వాత ఎవరూ చెప్పకుండానే వాచ్‌మన్‌ని పిలిచి మంచాన్ని తలవైపు కాళ్ళవైపుకి వచ్చేలా తిప్పించింది. ఎడమ చేతికి బెల్ అందుతోంది. స్టూలు, నీళ్ళ గ్లాసు అటే పెట్టింది.

చూడ్డానికి వెళ్ళినప్పుడు

చెప్పి ఒకసారి వెళ్ళండి, చెప్పకుండా ఒకసారి వెళ్ళండి. రెండోది సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్య అయితే మంచిది. అప్పటికి మేనేజర్లు వెళ్ళిపోయి ఉంటారు, రాత్రి భోజనం పెడుతూ ఉంటారు. లోపలికి రానివ్వకపోతే కారణం అడగండి. "పెద్దవాళ్ళు డిస్టర్బ్ అవుతారు" అన్నది ఒక గదికి వర్తిస్తుందేమో గానీ హోమ్ మొత్తానికి వర్తించదు.

రాత్రి భోజనం ఎన్నింటికి పెడతారు, పొద్దున టిఫిన్ ఎన్నింటికి? స్టాఫ్ షిఫ్టు మారకముందే పని ముగించాలని కొన్ని చోట్ల ఆరింటికే పెట్టేస్తారు. పొద్దున టిఫిన్ ఎనిమిదిన్నరకి. మధ్యలో పద్నాలుగున్నర గంటలు ఖాళీ కడుపు. షుగర్‌కి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళకి ఇది ప్రమాదం. తెల్లవారుజామున షుగర్ 70 కంటే పడిపోయి చెమటలు పట్టి, మాట తడబడితే ఆ టైములో గుర్తించేదెవరు? పడుకునేముందు ఒక గ్లాసు పాలో, రెండు బిస్కెట్లో ఇచ్చే అలవాటు ఉందేమో అడగండి.

అన్నం తినిపించే తీరు దగ్గర నిలబడి చూడండి. పక్షవాతం వచ్చినవాళ్ళలో చాలామందికి మింగడం కష్టమవుతుంది, నీళ్ళు తాగితే పొలమారుతుంది. కూర్చోబెట్టి, చిన్న ముద్దలు పెట్టి, ముందుది మింగాక ఇంకోటి పెట్టాలి. పడుకోబెట్టి నోట్లో కుక్కితే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. ట్యూబుతో ఫీడు ఇచ్చేటప్పుడు కూడా తలవైపు ఎత్తుగా ఉండాలి, ఇచ్చాక కనీసం అరగంట అలాగే ఉంచాలి. పప్పు, కూర, పెరుగు అన్నీ ఒకటే గిన్నెలో కలిపేసి మిక్సీ పట్టి ఇచ్చే చోటు ఒకటి చూశాం. పళ్ళు లేని మనిషికైనా ముద్దపప్పు రుచి వేరు, పెరుగన్నం రుచి వేరు. విడివిడిగా మెత్తగా చేసి పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ప్రతి నెలా బరువు చూసి రాస్తారా అని అడిగి, ఆ రిజిస్టర్ చూపించమనండి. నెలలో ఐదు శాతం తగ్గితే, అంటే 60 కిలోల మనిషి మూడు కిలోలు తగ్గితే, డాక్టర్‌కి చూపించాల్సిన విషయం. మంచాన ఉన్నవాళ్ళని తూచడం కష్టమంటారు. అలాంటప్పుడు జబ్బ చుట్టుకొలత టేపుతో కొలిచి రాసినా చాలు. అదీ లేకపోతే ఎవరూ పట్టించుకోవట్లేదన్నమాట.

ఇంకొన్ని కళ్ళతోనే తెలుస్తాయి. గోళ్ళు కత్తిరించి ఉన్నాయా. వినికిడి మిషను చెవిలో ఉందా, సొరుగులో ఉందా. కళ్ళజోడు తుడిచి ఉందా. యూరిన్ బ్యాగు నేల మీద పడి ఉందా, మంచానికి కింద తగిలించి ఉందా. ఫినాయిల్ వాసన ఘాటుగా ఉంటే దాని వెనక ఇంకో వాసన ఉందేమో చూడండి. బాత్రూమ్‌లోకి మీరే వెళ్ళి పట్టుకునే రాడ్ మీద మీ బరువంతా వేసి లాగండి. మేము చూసినవాటిలో ఒకచోట అది ఊడి చేతికొచ్చింది.

భాష గురించి కూడా అడగాలి. హైదరాబాద్ హోమ్‌లలో కొన్ని చోట్ల అటెండర్లు ఒడిశా నుంచి, జార్ఖండ్ నుంచి వచ్చిన పిల్లలు. కష్టపడి పనిచేస్తారు. కానీ మా అమ్మకి మాట ముద్దగా వస్తుంది, పైగా తెనాలి యాస. "కడుపులో తిప్పుతోందే" అంటే ఆ పిల్లకి అర్థం కాలేదు. ప్రతి షిఫ్టులో తెలుగు వచ్చిన మనిషి ఒకరైనా ఉండాలని పట్టుబట్టండి.

మత్తుమందులు, కట్టేయడాలు

దీని గురించి అడగడానికి మొహమాటపడతాం, అడగకపోతే ఎవరూ చెప్పరు. రాత్రి అరిచేవాళ్ళకి, లేచి తిరిగేవాళ్ళకి కొన్ని చోట్ల నిద్రమాత్రలు, మత్తుమందులు వేసేస్తారు. డాక్టర్ రాసిన కాగితం లేకుండా, మీకు చెప్పకుండా కొత్త మాత్ర ఏదీ వేయకూడదని ముందే రాయించుకోండి. మీరు వెళ్ళినప్పుడు హాల్లో అందరూ పదకొండు గంటలకి కూడా కుర్చీల్లో జోగుతూ ఉంటే అనుమానించండి. చేతులు మంచానికి కట్టేస్తారా అని సూటిగా అడగండి. "ట్యూబు పీకేసుకుంటారు, అందుకే" అంటే, కట్టకుండా ఇంకేం చేసి చూశారు, ఎంతసేపు కట్టారు, ఎవరు ఒప్పుకున్నారు అని అడగండి.

నిన్నటిదాకా బాగున్న మనిషి ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడుతుంటే "వయసు కదా, మతి తప్పుతోంది" అనేస్తారు. చాలాసార్లు అది యూరిన్ ఇన్‌ఫెక్షనో, నీళ్ళు తాగకపోవడమో, కొత్తగా వేసిన మందో అయి ఉంటుంది. అలాంటప్పుడు ఏం చేస్తారని మేనేజర్‌ని అడిగితే "డాక్టర్‌ని పిలిచి యూరిన్ టెస్టు చేయిస్తాం" అని చెప్పిన చోటు మా తొమ్మిదింటిలో రెండే.

డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్నవాళ్ళకి హోమ్ చూస్తుంటే వీటికి తోడు ఇంకోటి చూడాలి. సాయంత్రం పొద్దుగూకే వేళకి వాళ్ళకి ఆందోళన పెరుగుతుంది, "మా ఇంటికి పోతా" అని గేటు దగ్గరికి వెళ్తారు. ఆ టైములోనే వెళ్ళి చూడండి. ఆయమ్మ చెయ్యి పట్టుకుని కాసేపు నడిపించి మాటల్లో పెడుతుందా, కసిరి కూర్చోబెడుతుందా?

ఫీజు, అగ్రిమెంట్

2023లో మాకు తొమ్మిది చోట్ల చెప్పిన ఫీజులు నెలకి 15,000 నుంచి 45,000 దాకా ఉన్నాయి. తక్కువ చెప్పిన చోట డైపర్లు, మందులు, ఫిజియోథెరపీ, డాక్టర్ విజిట్, ఏసీ కరెంటు అన్నీ విడిగా లెక్క. అన్నీ కలిపితే 15,000 చెప్పిన చోటుకీ 24,000 చెప్పిన చోటుకీ తేడా రెండు వేలే మిగిలింది. ఒక నెల బిల్లు నకలు, పేరు కొట్టేసి చూపించమనండి. ట్రస్టుగా పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్ ఉన్న హోమ్ అయితే, అరవై నిండినవాళ్ళకి వసతి, భోజనం అన్నీ కలిపి నెలకి 25,000 దాకా తీసుకునే ఫీజు మీద జీఎస్టీ ఉండదు. బిల్లులో వేశారేమో చూసుకోండి.

ఆయుష్మాన్ భారత్ కింద 70 ఏళ్ళు నిండినవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం 2024 అక్టోబరులో మొదలైంది. అది ఆస్పత్రిలో చేరినప్పటి ఖర్చుకే, హోమ్ ఫీజుకి వర్తించదు. ఎమర్జెన్సీలో హోమ్ వాళ్ళు ఏ ఆస్పత్రికి తీసుకెళ్తారు, అక్కడ మీ కార్డు గానీ ఇన్సూరెన్స్ గానీ చెల్లుతుందా, ఎవరు తోడు వెళ్తారు, ఆస్పత్రిలో ఉన్న రోజులకి కూడా హోమ్ ఫీజు కట్టాలా, ఆ మంచం అట్టే పెడతారా. ఇవన్నీ అగ్రిమెంట్‌లో ఉండాలి.

కాలనీ ఇళ్ళలో నడిచే హోమ్‌లు చాలావరకు అద్దె ఇళ్ళు. ఇల్లు ఖాళీ చేయమంటే ఎక్కడికి మారుస్తారు, మనకి ఎన్ని రోజుల ముందు చెప్తారు? డిపాజిట్ వెనక్కి ఎప్పుడు ఇస్తారు? ఆస్తి రాసిమ్మని గానీ, బ్యాంకు పాస్‌బుక్, ఏటీఎం కార్డు తమ దగ్గర పెట్టమని గానీ అడిగిన చోట ఇంకో మాట మాట్లాడకుండా వచ్చేయండి.

బయటి దేశంలో ఉన్న పిల్లలు అడగలేక వదిలేసే ప్రశ్న ఒకటుంది. జరగరానిది జరిగితే ఏం చేస్తారు? ఎవరికి మొదట ఫోన్ చేస్తారు, మరణ ధ్రువీకరణకి డాక్టర్‌ని ఎవరు పిలుస్తారు, పిల్లలు వచ్చేదాకా ఫ్రీజర్ బాక్స్‌లో ఉంచే ఏర్పాటు ఉందా? మరణాన్ని 21 రోజుల్లో రిజిస్టర్ చేయించాలి. తమ్ముడు ఈ ప్రశ్నలు అడగలేక ఫోన్ నాకిచ్చాడు. మేనేజర్ గారు ఏ ఇబ్బందీ లేకుండా, పోయినేడాది ఒక కుటుంబానికి ఏం చేశారో వివరంగా చెప్పారు. తర్వాత తమ్ముడే "అక్కా, ఇక్కడే చేర్పిద్దాం" అన్నాడు.

అమెరికాలో ఉన్నవాళ్ళు ఇంకోటి అడుగుతారు, రేటింగ్ ఎంత అని. అక్కడ నర్సింగ్ హోమ్‌లకి (నర్సింగ్ కేర్ ఉన్న వృద్ధుల హోమ్‌లకి) మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా వాళ్ళు తనిఖీలు, స్టాఫింగ్, కేర్ నాణ్యత చూసి ఒకటి నుంచి ఐదు దాకా స్టార్లు ఇస్తారు. అలాంటిది మనకి లేదు. గూగుల్ రివ్యూలు రాసేది ఎక్కువగా తోటా, రిసెప్షనూ చూసి వెళ్ళినవాళ్ళే. వాటికి బదులు, అక్కడ ఏడాదికి పైగా ఉంటున్న ఒకరి పిల్లలతో మాట్లాడించమని అడగండి. వాళ్ళని అడగాల్సింది "బాగుందా" అని కాదు. "ఈ ఏడాదిలో ఆయమ్మలు ఎంతమంది మారారు" అని అడగండి.

తేడా వస్తే

చేర్చాక తేడా కనిపిస్తే మేనేజర్‌కి నోటిమాటగా చెప్పి ఊరుకోకండి. తేదీ వేసి వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాయండి, ఫొటో పెట్టండి. మేము నోటిమాటతో మూడు వారాలు పోగొట్టుకున్నాం. కొట్టడం, తిట్టడం, ఆకలితో ఉంచడం లాంటివి కనిపిస్తే 14567కి, పోలీసులకి చెప్పండి. తల్లిదండ్రులని పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా వదిలేస్తే 2007 చట్టం 24వ సెక్షన్ కింద 3 నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. పిల్లలు పోషణ ఇవ్వకపోతే ఆ పెద్దవాళ్ళు ఆర్డీవో దగ్గరున్న ట్రిబ్యునల్‌కి అర్జీ పెట్టుకోవచ్చు, లాయర్ అక్కర్లేదు.

మొదటి నెలలో వారానికి రెండుసార్లయినా, వేర్వేరు టైముల్లో వెళ్ళండి. మంచం పక్కన కూర్చుని మడమలు, నడుం చూడండి. దూరంగా ఉన్నవాళ్ళు వీడియో కాల్‌లో మొహం చూసి సరిపెట్టుకోకుండా, ఆయమ్మని అడిగి పాదాలు కూడా చూపించమనండి. ఆయమ్మ పేరు తెలుసుకుని పేరుతో పిలవండి. ఆమె పిల్లలు ఏం చదువుతున్నారో అడగండి.

మొదటి రోజుల్లో ఏడుస్తారు, "నన్ను తీసుకెళ్ళిపో" అంటారు. కొత్త చోటు అలవాటు పడలేని దిగులేదో, ఇక్కడ సరిగా చూడట్లేదన్న బాధేదో మొదట్లో తేల్చుకోవడం కష్టం. మేము బరువు, నిద్ర, తిండి చూస్తూ ఉన్నాం. రెండు వారాలు అమ్మ సగం అన్నం వదిలేసేది. మూడో వారంలో తమ్ముడితో వీడియో కాల్ మాట్లాడుతూ, ఈసారి వచ్చేటప్పుడు గోంగూర పచ్చడి తెమ్మని అక్కకి చెప్పమంది. ఇంటి నుంచి పచ్చడి సీసా తెచ్చి, పేరు రాసి వాళ్ళ ఫ్రిజ్‌లో పెట్టనిస్తారో లేదో కూడా చేర్చకముందే అడిగి పెట్టుకోండి.